కెమెరా మనది, తాళం ఎవరిది?

తెనాలిలో మా పిన్నిగారింట్లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి గేటు వైపు, ఒకటి హాల్లో. డాలస్‌లో ఉండే పిన్ని కొడుకు, మా తమ్ముడు, పొద్దున లేవగానే ఫోన్‌లో ఆ హాలు చూస్తాడు. అక్కడ తెల్లవారే వేళకు ఇక్కడ దీపం పెట్టే వేళవుతుంది. దేవుడి గూట్లో దీపం కనిపిస్తే అమ్మ బాగానే ఉందని వాడికి ధైర్యం. బాబాయి పోయిన దగ్గర్నుంచీ ఇదే అలవాటు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పిన్ని నన్నొక మాట అడిగింది. "వాడు అంత దూరం నుంచి చూస్తున్నాడు కదరా. మరి ఇంకెవరైనా చూడాలనుకుంటే చూడలేరా?"

చాలా సరైన ప్రశ్న. చూడగలరు. అయితే అందుకు వాళ్లకు ఒక దారి కావాలి, ఒక తాళంచెవి కావాలి. ఆ దారులేమిటో, తాళంచెవి ఎవరి చేతుల్లో ఉంటుందో తెలిస్తే వాటిని మూసుకోవడం పెద్ద కష్టం కాదు. కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఒక సాయంత్రం తీరిక చాలు.

ముందు, ఇది ఏ వస్తువు?

ఫోన్‌తో నడిపించగలిగే కెమెరా, టీవీ, బల్బు, ఏసీ, తలుపు తాళం, మాట వినే స్పీకర్ లాంటి వాటిని స్మార్ట్ పరికరాలు అంటున్నాం. పైకి ఏ రూపంలో ఉన్నా లోపల ప్రతిదీ ఒక చిన్న కంప్యూటరే. దానికో ప్రాసెసర్ ఉంటుంది, కొంత మెమరీ ఉంటుంది. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే ప్రోగ్రామ్) ఉంటుంది. ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌కు కలిసి ఉంటుంది.

ఫోన్‌కూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఫోన్‌ను రోజూ చూస్తాం. ఏదైనా తేడా వస్తే వెంటనే తెలుస్తుంది. గోడకు బిగించిన కెమెరాను ఎవరూ పట్టించుకోరు. బొమ్మ వస్తున్నంత కాలం అంతా బాగున్నట్టే అనుకుంటాం. లోపల వేరెవరో చేరినా బొమ్మ అలాగే వస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

డాలస్ నుంచి తెనాలికి దారి

ఇంట్లో రౌటర్ (వచ్చిన ఇంటర్నెట్‌ను అన్ని పరికరాలకూ పంచే పెట్టె) ఒకటి ఉంటుంది. అది పంచడంతో పాటు కాపలా కూడా కాస్తుంది. లోపలి నుంచి ఎవరైనా బయటికి వెళ్లి ఏదైనా అడిగితే, దానికి వచ్చిన జవాబును లోపలికి రానిస్తుంది. మనం పిలవకుండా బయటి నుంచి వచ్చి తలుపు తట్టేవాళ్లను మామూలుగా రానివ్వదు. మరి డాలస్ నుంచి మా తమ్ముడు ఎలా వస్తున్నాడు? దీనికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది పాత పద్ధతి. రౌటర్‌లో ఒక పోర్ట్‌ను (బయటి నుంచి లోపలికి రావడానికి ఉన్న నంబరు వేసిన తలుపు) తెరిచి ఉంచుతారు. ఆ తలుపు తట్టినవాళ్లను నేరుగా కెమెరా దగ్గరికో, డీవీఆర్ (కెమెరా దృశ్యాలను దాచే పెట్టె) దగ్గరికో పంపమని రౌటర్‌కు చెప్పిపెడతారు. ఇక ఆ తలుపు మా తమ్ముడికి ఎలా తెరిచి ఉందో ప్రపంచంలో అందరికీ అలాగే తెరిచి ఉంటుంది. మధ్యలో అడ్డం ఉన్నది డీవీఆర్ పాస్‌వర్డ్ ఒక్కటే.

రెండోది ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది. ఇంట్లో కెమెరాయే బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌తో ఒక లైను కలిపి ఉంచుకుంటుంది. మన ఫోన్‌లోని యాప్ కూడా అదే సర్వర్ దగ్గరికి వెళ్తుంది. సర్వర్ ఇద్దరినీ కలుపుతుంది. ఇక్కడ ఇంటి తలుపు తెరవాల్సిన పని లేదు. కాని యాప్‌లోని మన ఖాతా పాస్‌వర్డ్ ఎవరికి తెలిసినా, వాళ్లు ఎక్కడి నుంచైనా హాల్లోకి చూడగలరు.

కాబట్టి మొదటి పద్ధతిలో తాళంచెవి పెట్టెది, రెండో పద్ధతిలో ఖాతాది. మన ఇంట్లో ఉన్నది ఏ పద్ధతో ముందు తెలుసుకోవాలి. కెమెరాలు బిగించినవాళ్లను అడిగితే చెబుతారు.

మన ఇంటి మీద ఎవరికి పని?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "మనమేమన్నా మంత్రులమా, కోటీశ్వరులమా? మన ఇంటి మీద ఎవరికి పని?" అంటారు. దొంగ మనల్ని ఎంచుకుని వస్తాడన్న ఊహలోంచి పుట్టిన మాట ఇది. ఇంటర్నెట్‌లో అలా జరగదు. అక్కడ ఎవరూ ఇల్లు ఎంచుకోరు. ఒక ప్రోగ్రామ్ అన్ని తలుపులూ తట్టుకుంటూ పోతుంది. తెరుచుకున్నవి లెక్క రాసుకుంటుంది.

ఇంటర్నెట్‌లో మామూలుగా వాడే అంకెల చిరునామాలు సుమారు 430 కోట్లు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. మంచి ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌తో, అన్ని చిరునామాల్లోనూ ఒక నంబరు తలుపును తట్టి చూడటానికి దానికి 45 నిమిషాలు కూడా పట్టలేదు. మన ఇంటి తలుపు కూడా ఆ లెక్కలో ఉన్నట్టే. మనం గొప్పవాళ్లమా, మామూలు వాళ్లమా అన్నది ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. దానికి ఆ సంగతితో పనీ లేదు.

ఇలా తలుపులు తట్టే పద్ధతిని దుర్మార్గానికి వాడితే ఏమవుతుందో 2016లో ప్రపంచం చూసింది.

ఆ ఏడాది ఆగస్టులో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ బయటపడింది. జపాన్ భాషలో ఆ మాటకు భవిష్యత్తు అని అర్థం. అది ఇంటర్నెట్‌లో తిరుగుతూ కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల తలుపులు తట్టేది. ముఖ్యంగా 23వ నంబరు పోర్ట్. తలుపు పలికితే తన దగ్గరున్న జాబితాలోని పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఒక్కొక్కటిగా వేసి చూసేది. ఆ జాబితాలో ఉన్నవి 60 పైచిలుకు జతలు మాత్రమే. ఫ్యాక్టరీలో పరికరం తయారైనప్పుడు కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డ్‌లే అవన్నీ. అడ్మిన్ అనో, 12345 అనో ఉండేవి. వాటిని మార్చనివాళ్లు అంతమంది ఉన్నారు. మొదటి 20 గంటల్లోనే దాదాపు 65,000 పరికరాలు దాని చేతికి చిక్కాయి. ఒక దశలో ఆ సంఖ్య 6 లక్షలకు చేరింది.

చిక్కిన ప్రతి పరికరమూ తానూ తలుపులు తట్టడం మొదలుపెట్టేది. ఇలా ఒకరి ఆజ్ఞకు కట్టుబడి పనిచేసే పరికరాల గుంపును బాట్‌నెట్ అంటారు. ఆ గుంపంతా ఒకేసారి ఒకే వెబ్‌సైట్ మీద పడితే దాని సర్వర్లు ఆ తాకిడికి కూలబడతాయి. 2016 అక్టోబరు 21న డైన్ అనే అమెరికా కంపెనీ మీద అలాంటి దాడి జరిగింది. వెబ్‌సైట్ పేరు కొడితే దాని అంకెల చిరునామా చెప్పే పని ఆ కంపెనీది. చిరునామా చెప్పేవాళ్లు మూగబోయేసరికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై, రెడిట్ లాంటివి లక్షలమందికి గంటల తరబడి అందలేదు.

మిరాయ్‌ను తయారుచేసినవాళ్లు ఏ దేశపు గూఢచారులో కాదు. ముగ్గురు అమెరికన్ యువకులు. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ సర్వర్ల వ్యాపారంలోని పోటీతో ఆ కథ మొదలైంది. 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కాని డైన్ మీద దాడికి ముందే ఆ ప్రోగ్రామ్ రాత మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అది చేతికి అందినవాళ్లు రకరకాల రూపాల్లో దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ ఉదంతంలో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ లక్షల ఇళ్లలో చాలామందికి ఏమీ తెలియలేదు. వాళ్ల కెమెరా బొమ్మ చూపిస్తూనే ఉంది. అదే సమయంలో వేరెవరికో హాని చేస్తూ ఉంది. మన పాస్‌వర్డ్ మార్చుకోవడం మన కోసమే కాదు, పక్కవాళ్ల కోసం కూడా.

ఖాతా దారి

రెండో దారి పాస్‌వర్డ్‌ను ఊహించేది కాదు. ఎప్పుడో ఎక్కడో దొంగిలించిన పాస్‌వర్డ్‌ను మళ్లీ వాడేది. 2012లో లింక్‌డ్‌ఇన్ నుంచి ఖాతాల వివరాలు దొంగతనమయ్యాయి. నాలుగేళ్ల తర్వాత 11 కోట్లకు పైగా ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌ల వివరాలు అమ్మకానికి వచ్చాయి. ఇలాంటి జాబితాలు చాలా ఉన్నాయి. దొంగ ఆ ఈమెయిలునూ ఆ పాస్‌వర్డ్‌నూ కెమెరా యాప్‌లో వేసి చూస్తాడు. మనం అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడితే తలుపు తెరుచుకుంటుంది.

అమెరికాలో రింగ్ కెమెరాల విషయంలో ఇదే జరిగింది. 2019లో కొన్ని ఇళ్లలో అపరిచితులు ఖాతాల్లోకి చొరబడి, కెమెరాలోని స్పీకర్ ద్వారా ఇంట్లోవాళ్లతో, చిన్నపిల్లలతో మాట్లాడారు. 2020లో ఆ కంపెనీ రెండంచెల ధ్రువీకరణను (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌కో మెయిల్‌కో వచ్చే అంకెలు కూడా అడిగే ఏర్పాటు) తప్పనిసరి చేసింది. ఇలాంటి చొరబాట్లను అడ్డుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకోలేదనీ, సిబ్బంది వినియోగదారుల వీడియోలు చూసే వీలు ఉండేదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై అభియోగం మోపింది. 2023లో 58 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందంతో ఆ కేసు ముగిసింది.

మన దేశానికీ ఈ గాయం తెలుసు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీటీవీ దృశ్యాలు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో బయటపడ్డాయి. వైద్యం కోసం వచ్చిన మహిళల దృశ్యాలవి. హ్యాకింగ్ ద్వారా తీసి అమ్ముకున్నారని పోలీసులు తేల్చారు. కెమెరాకు పాస్‌వర్డ్ ముఖ్యం. కెమెరాను ఎక్కడ పెట్టకూడదో తెలియడం అంతకన్నా ముఖ్యం.

పిన్ని ఇంట్లో మేం చూసింది

పిన్ని ప్రశ్నకు జవాబు కోసం ఆ సాయంత్రమే యాప్ తెరిచాం. సెట్టింగ్స్‌లో "లాగిన్ అయి ఉన్న పరికరాలు" అన్న చోట నాలుగు ఫోన్లు కనిపించాయి. ఒకటి తమ్ముడిది, ఒకటి పిన్నిది. మూడోది కెమెరాలు బిగించినతనిది. నాలుగోది ఎవరిదో అర్థం కాలేదు. బిగించినతనికే ఫోన్ చేశాను. కాసేపు ఆలోచించి, "మా దగ్గర అప్పట్లో పనిచేసిన అబ్బాయిదై ఉంటుందండీ. వాడు మానేసి రెండేళ్లయింది" అన్నాడు.

పాస్‌వర్డ్ ఏమిటంటే షాపు పేరు, దాని పక్కన 123. "అందరికీ అదే పెడతామండీ. మర్చిపోతే మళ్లీ మమ్మల్నే అడుగుతారు కదా" అన్నాడు. అందులో దురుద్దేశం లేదు. పని సులువు కావాలని చేసిన ఏర్పాటు. కాని దాని అర్థం ఏమిటి? అతను బిగించిన ఇళ్లన్నిటికీ తాళంచెవి ఒకటే. ఆ ఇళ్లలో ఏ ఒక్కరికి అది తెలిసినా మిగతా అన్ని ఇళ్లకూ తెలిసినట్టే.

మన ఊళ్లలో ఈ దారికే ఎక్కువ ఆస్కారం ఉందని నాకనిపిస్తుంది. ఎక్కడో ఉన్న హ్యాకర్ గురించి భయపడతాం. బిగించినవాళ్లు, పని మానేసినవాళ్లు, పాత అద్దెవాళ్లు, అమ్మేసిన పాత ఫోన్ మాత్రం మనకు గుర్తుకు రావు. తాళం మార్చకుండా ఇల్లు చేతులు మారినట్టు ఉంటుంది ఇది.

ఒక సాయంత్రం పని

ఇప్పుడు చేయాల్సింది వరుసగా చూద్దాం.

మొదట రౌటర్. ఇంటికి అసలు గేటు అదే. దానికి రెండు పాస్‌వర్డ్‌లుంటాయి. ఒకటి వైఫైది, రెండోది రౌటర్ సెట్టింగ్స్‌ది. చాలా ఇళ్లలో మొదటిది ఇంటాయన ఫోన్ నంబరే. రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. రెండూ మార్చాలి. చేతకాకపోతే నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లను పిలిచి, మన ఎదురుగా మార్పించుకోవాలి. పాస్‌వర్డ్ మాత్రం మనమే కొట్టాలి. కెమెరా కోసం ఏ పోర్ట్ అయినా తెరిచి ఉందేమో అప్పుడే అడగాలి. ఉంటే మూయించాలి. యూపీఎన్‌పీ (పరికరాలు మనల్ని అడగకుండానే తలుపులు తెరిపించుకునే సౌకర్యం) కూడా ఆపించడం మంచిది.

రెండోది, ఇంట్లో ఉన్న ఒక్కో పరికరం. కాగితం తీసుకుని జాబితా రాయాలి. టీవీ, కెమెరా, స్పీకర్, బల్బు, ఏదీ వదలొద్దు. ప్రతిదాని పక్కనా ఒకే ప్రశ్న: దీని తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంది? జవాబు తెలియనిచోట పాస్‌వర్డ్ మార్చి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కాలి. తర్వాత ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ మళ్లీ లాగిన్ కావాలి. ఇతరులకు చూపించాలంటే పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. చాలా యాప్‌లలో "షేర్" అనే సౌకర్యం ఉంటుంది. అలా ఇచ్చిన అనుమతిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు.

మూడోది, పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? పొడవుగా ఉండాలి, ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. రోకలి, నెమలి, తుఫాను, బెల్లం అన్నట్టుగా. ఈ నాలుగూ ఇక్కడ అచ్చయ్యాయి కాబట్టి ఇవి మాత్రం వాడొద్దు. గుర్తుండదనుకుంటే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోవచ్చు. ఎక్కడో కూర్చున్న హ్యాకర్ మన బీరువా తెరవలేడు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కన్నా అది ఎంతో నయం.

నాలుగోది, రెండంచెల ధ్రువీకరణ. యాప్‌లో ఆ సౌకర్యం ఉంటే తప్పకుండా పెట్టాలి. పాస్‌వర్డ్ పోయినా తలుపు తెరుచుకోకుండా ఇది ఆపుతుంది.

ఐదోది, అప్‌డేట్. ప్రోగ్రామ్‌లలో తప్పులు బయటపడుతూనే ఉంటాయి. కంపెనీ వాటిని సరిచేసి అప్‌డేట్ పంపుతుంది. మనం వేసుకోకపోతే ఆ తప్పు మన ఇంట్లో అలాగే ఉండిపోతుంది. దాని సంగతి దొంగలందరికీ అప్పటికే తెలిసి ఉంటుంది. "ఆటో అప్‌డేట్" ఉంటే ఆన్ చేయాలి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. మిరాయ్‌కు చిక్కిన కొన్ని పరికరాల్లో పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే రాసేసి ఉంది. యజమాని సెట్టింగ్స్‌లో మార్చినా లోపలిది మారేది కాదు. అందుకే పాస్‌వర్డ్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. రౌటర్ తలుపులు మూసి ఉండాలి, అప్‌డేట్లు వస్తూ ఉండాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పరికరాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేయడమే మేలు.

ఆరోది, వేరు కాపురం. చాలా రౌటర్లలో "గెస్ట్ వైఫై" ఉంటుంది. కెమెరాలు, బల్బులు, టీవీ దానికి కలపాలి. బ్యాంకు పనులు చేసే ఫోన్లు, లాప్‌టాప్‌లు అసలు వైఫైలో ఉండాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక చౌక బల్బు హ్యాకర్ చేతికి చిక్కితే అది ఇంట్లోనే ఉన్న దొంగ. వేరే వైఫైలో ఉంటే మిగతా పరికరాల జోలికి వెళ్లడం దానికి చాలా కష్టం.

చివరిది, కెమెరా చూపు. పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట కెమెరా వద్దు. హాల్లో ఉంటే అది గుమ్మం వైపు తిరిగి ఉండాలి. ఇంట్లో పనిచేసేవాళ్లకు కెమెరా ఉందన్న సంగతి చెప్పాలి. తీయని దృశ్యాన్ని ఎవరూ దొంగిలించలేరు.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

చట్టాలు ఇప్పుడిప్పుడే తయారీదారుల వైపు తిరుగుతున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి సులువుగా ఊహించగలిగే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో పరికరాలు అమ్మకూడదు. భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో ముందే చెప్పాలి. మన దేశం కూడా 2024 ఏప్రిల్‌లో సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఏడాది తర్వాత అది అమల్లోకి వచ్చింది. ఈ నిబంధనలు కొత్తగా అమ్మేవాటికి. ఇప్పటికే గోడ మీదున్న కెమెరా సంగతి మనమే చూసుకోవాలి.

కొనేటప్పుడు ధరతో పాటు రెండు ప్రశ్నలు అడగాలి. అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? యాప్‌లో రెండంచెల ధ్రువీకరణ ఉందా? పాత పరికరాన్ని ఎవరికైనా ఇచ్చేముందు రీసెట్ చేయాలి, మెమరీ కార్డు తీసేయాలి, యాప్ నుంచి దాన్ని తొలగించాలి.

ఏదైనా జరిగిందని అనుమానం వస్తే, అంటే కెమెరా దానంతటదే తిరిగినా, తెలియని ఫోన్ లాగిన్‌లో కనిపించినా, ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. అది సాక్ష్యం. తర్వాత కెమెరా ప్లగ్ తీసేయాలి. మరో ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చాలి. పరికరాన్ని రీసెట్ చేసి, అప్‌డేట్ వేసి, అప్పుడే మళ్లీ కలపాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. దృశ్యాలు బయటపడితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ, పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయాలి. అనుమతి లేకుండా ఒకరి ఏకాంత దృశ్యాలు తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే వీలుంది. ఇందులో బాధితుల తప్పు ఏమీ లేదు. సిగ్గుపడి ఊరుకోకూడదు.

ఆ సాయంత్రం పిన్ని ఇంట్లో ఈ పనులన్నీ చేయడానికి మాకు గంటన్నర పట్టింది. తమ్ముడు డాలస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. కొత్త పాస్‌వర్డ్‌లోని నాలుగు మాటలూ పిన్నే ఎంచుకుంది. పాల లెక్క రాసుకునే పుస్తకం చివరి పేజీలో రాసి, పుస్తకం బీరువాలో పెట్టింది. హాల్లో కెమెరాను కాస్త పక్కకు తిప్పాం. ఇప్పుడు దానికి గుమ్మమూ, దేవుడి గూడూ మాత్రమే కనిపిస్తాయి.

చివరగా లాగిన్ జాబితా మళ్లీ తెరిచి పిన్నికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని వేలితో లెక్కపెట్టింది. రెండే ఉన్నాయి. "ఇది నాది, ఇది మావాడిది" అంది. నెలకోసారి ఆ జాబితా చూసుకోమని చెప్పాను. పాల లెక్క కట్టే రోజునే చూసుకుంటానంది.